తోవటీకా తాత్పర్యం

అవతారిక

లోకంలో ప్రయాణికులు మూడు తెగలు: పని ఉండి పోయేవారు, పని లేక పోయేవారు, పోయివచ్చినందుకు లోకం తమకు ఋణపడి ఉన్నదని తలచేవారు. ఈ మూడో తెగవారు నేడు విశేషంగా మోటారు సైకిళ్ల మీద కనిపిస్తున్నారు. వీరు శనివారం కోడికూతకు ముందే హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో బయలుదేరి, ఏదో ఒక కొండ ఎక్కి, మంచులో నిలబడి ఫొటో దిగి, ఆదివారం రాత్రికి ఇల్లు చేరి, సోమవారం నుంచి వేదాంతం చెబుతారు. ఆ వేదాంతమంతా ఒక్క ఆటవెలదిలో ఇమిడి ఉండగా, దానికి ఇంతవరకూ వ్యాఖ్య లేకపోవడం సాహిత్యానికి లోటని భావించి ఈ టీకను సంతరించడమైనది. నేటి మెదక్ జిల్లా కొల్చారానికి చెందినవాడని పండితులు చెప్పే మల్లినాథసూరి, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాయబూనినప్పుడు, ఆధారం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేశాడు. ప్రస్తుత వ్యాఖ్యాత ఆ ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని మాత్రమే నిలుపుకోగలడు.

మూలం

రైడు చేయువాడె రసికుండు ధరలోన,
పాలు మోయువాడు బండివాడు;
తోవ టీయె తనకు తులలేని యమృతమ్ము;
చైను తెగినచోట సత్యమెఱుగు.

కర్తృ నిర్ణయం, ఛందస్సు

కవి పేరు తెలియదు. తన్ను తానే రసికుడని చెప్పుకున్న తీరును బట్టి నగరవాసి అనీ, నెలజీతగాడు అనీ, ఇంట్లో పూర్తిగా చెప్పి రానివాడు అనీ ఊహించవచ్చు. పద్యం ఆటవెలది, అంటే మొదటి, మూడవ పాదాలలో మూడు సూర్యగణాలూ రెండు ఇంద్రగణాలూ, రెండవ, నాలుగవ పాదాలలో ఐదేసి సూర్యగణాలూ గల ఉపజాతి. ‘రై’కి ‘ర’తోనూ, ‘పా’కు ‘బం’తోనూ, ‘తో’కు ‘తు’తోనూ, ‘చై’కి ‘స’తోనూ యతి చెల్లింది. పద్యంలో దోషం లేనిది ఈ ఒక్క విషయంలోనే.

ప్రతిపదార్థం

రైడు చేయువాడె: ‘రైడు’ తత్సమం కాదు, తద్భవం కాదు, దేశ్యమూ కాదు; అన్యదేశ్యం. చిన్నయసూరి బాలవ్యాకరణం వెలువడిన 1858 నాటికి ఇది తెలుగువారి నోట లేదు, అప్పటికి వారికి ఎద్దుబండ్లు ఉన్నవి గనుక అవసరమూ లేదు. అన్యదేశ్యాలకు ‘చేయు’ ధాతువును చేర్చి క్రియ చేసుకోవడం మన భాషకు కొత్త కాదు గాని, ఇక్కడ ఒక సూక్ష్మం గమనించదగినది. ‘బండి తోలుతాడు’, ‘బండి నడుపుతాడు’ అన్నప్పుడు బండి కర్మగా వాక్యంలో నిలిచి ఉంటుంది, అంటే దానికి పెట్రోలూ గాలీ నూనే కావాలన్న ఎరుక వాక్యంలోనే మిగిలి ఉంటుంది. ‘రైడు చేస్తాడు’ అన్న మరుక్షణం బండి వాక్యంలోంచి జారిపోయి, చేసేవాడు ఒక్కడే మిగులుతాడు. నాలుగవ పాదంలో జరగబోయే ప్రమాదానికి బీజం ఈ వ్యాకరణంలోనే పడింది. ‘వాడె’లోని ఎకారం అవధారణార్థకం, అనగా ‘వాడు మాత్రమే, మరొకడు కాదు’ అని నొక్కి చెప్పేది.

రసికుండు: రసం తెలిసినవాడు. రసానికి ప్రాణం ధ్వని అని ఆలంకారికుల మతం. తొమ్మిదవ శతాబ్దపు కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో కావ్యాత్మ ధ్వనియే అని స్థాపించాడు. ధ్వని అంటే వాచ్యంగా పలకని అర్థం మాటల వెనుక నుంచి స్ఫురించడం. రైడర్లు ఈ సిద్ధాంతాన్ని శిరసావహించారు గాని, వారికి అందిన ప్రతిలో లేఖకదోషం ఉన్నట్టు తోస్తుంది. పలకకుండా స్ఫురించడానికి బదులు, రెండు మైళ్ల దూరం నుంచే వినిపించడం అన్న అర్థం వారు గ్రహించారు. కంపెనీ బిగించిన సైలెన్సరును ఊడదీసి, ఖాళీ గొట్టం వంటి దానిని తగిలించుకోవడం ఈ అపార్థం ఫలితమే.

ఇచ్చట బుల్లెట్టు గురించి చెప్పక తప్పదు. పాత బుల్లెట్టు ఇంజనులో సిలిండరు ఒక్కటే. దాని వ్యాసం 70 మిల్లీమీటర్లు, అందులో పిస్టను కిందికీ మీదికీ తిరిగే దూరం 90 మిల్లీమీటర్లు, వెరసి 346 సీసీలు. వ్యాసం కన్నా ఆటదూరం ఎక్కువైన ఇంజను నింపాదిగా తిరుగుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజను గనుక రెండు చుట్లకొకసారి మాత్రమే పేలుతుంది. అందువల్ల దెబ్బకూ దెబ్బకూ నడుమ చెవి పట్టుకోగలిగినంత ఎడం వస్తుంది. ఆ ప్రసిద్ధమైన శబ్దం ఈ కొలతల వరం. దానిని మద్రాసు దగ్గర తిరువొత్తియూరు కర్మాగారంలో పనివాళ్లు లోహంలోనే ఇమిడ్చి పంపారు. పాత బండికి సెల్ఫు స్టార్టు లేదు. డీకంప్రెషను మీట నొక్కి పిస్టనును పైకొస దాటించి, అమ్మీటరు ముల్లు చూసుకుంటూ, కిక్కు మీద శరీరభారమంతా మోపవలసి వచ్చేది. తొందరపడ్డవాడి పిక్క మీద కిక్కు ఎదురు తన్నేది. ఆ బండి యజమానికి వినయం నేర్పేది. గొట్టం మార్చడం కేవలం ఎదుటివాడి చెవి మీద స్వామ్యం.

వ్యాఖ్యాత ఇంతసేపూ గాంభీర్యం పాటించాడు గాని, తెల్లవారుజామున నాలుగున్నరకు నర్సీపట్నం దాటే బండ్ల వరుస ఊరి నడుమ చేసే రభసకు అలంకారశాస్త్రంలో పేరు లేదు. ఆ దారి వెంట ఇళ్లలో పసిపిల్లలు ఉంటారు, రాత్రంతా దగ్గి అప్పుడే కన్ను మూసిన ముసలివాళ్లు ఉంటారు, పరీక్షకు లేచిన పిల్లలూ ఉంటారు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 120వది ప్రతి వాహనానికీ సైలెన్సరు ఉండి తీరాలని చెబుతుంది. విశాఖలోనూ హైదరాబాదులోనూ పోలీసులు పట్టుకున్న గొట్టాలను నడిరోడ్డు మీద పరచి, వాటి మీద రోడ్డు రోలరు నడిపించిన సందర్భాలు ఉన్నవి. ధ్వనిసిద్ధాంతానికి ఇంతటి నిశితమైన ఖండన మహిమభట్టు వ్యక్తివివేకంలో కూడా కానరాదు.

ధరలోన: స్పష్టం. రెండవ పాదం: స్పష్టం.

తోవ: దారి. ఈ పదం దగ్గర ఆగవలసి ఉన్నది. పద్యం ఫలానా తోవ అని చెప్పకపోయినా, చలికాలంలో ఈ కవులు గుమిగూడేది లంబసింగి గనుక నర్సీపట్నం నుంచి చింతపల్లికి పోయే ఘాటురోడ్డునే గ్రహించాలి. లంబసింగి సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది. దానికి కొర్రబయలు అని మరో పేరు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లవారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని అక్కడివారు చెప్పే వ్యుత్పత్తి. బయటివారు దీనిని ఆంధ్రా కాశ్మీరమన్నారు. ఆనందవర్ధనుని దేశం పేరు ఇక్కడికి ఎందుకు వచ్చిందో ఇప్పుడు బోధపడుతుంది.

ఈ తోవ ఊరికే పడలేదు. తెల్లదొరతనపు రోజుల్లో ఇక్కడ రోడ్డు వేయించినప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం వాళ్లను బలవంతంగా పనిలోకి దించి, ఇవ్వవలసిన కూలి ఇవ్వకుండా వేధించాడన్నది చరిత్ర గ్రంథాలు చెప్పేమాట. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని కట్టడి చేసిన బాధకు ఈ కూలి బాధ తోడై, అల్లూరి సీతారామరాజు వెనుక జనం నిలబడడానికి కారణమైంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. ముట్టడి చేసిన చోట తీసుకుపోయిన తుపాకుల లెక్క రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లాడని ప్రతీతి. తాను వాడుకున్నదానికి లెక్క చెప్పిన మనిషి నడిచిన ఈ కొండదారిలో నేడు మలుపు మలుపుకూ బండి ఆపి, ‘ఈ దారి నాది’ అని ఫొటో కింద రాసుకునేవారు ఉన్నారు. రాళ్లు కొట్టినవాడి మనుమలు అక్కడే స్ట్రాబెర్రీలు బుట్టల్లో పెట్టుకుని నిలబడి ఉంటారు. వారు ఫొటోలో రాకుండా కోణం సరిచూసుకోవడం కూడా వ్యాఖ్యాత ఎరిగినదే.

టీయె: టీ మాత్రమే. చింతపల్లి ప్రాంతం కాఫీ తోటలకు పేరుపడ్డది. కాఫీ చెట్ల నీడన నిలబడి టీని స్తుతించడం ‘దేశవిరుద్ధం’ అనే కావ్యదోషం, అంటే ఒక దేశంలో లేనిదాన్ని అక్కడ వర్ణించడం. అయితే టీ అక్కడ దొరుకుతున్నది గనుక దోషం స్వల్పమే.

తులలేని యమృతమ్ము: సాటిలేని అమృతం, యకారం యడాగమం. అమృతం ఊరికే రాలేదు, క్షీరసాగరాన్ని చిలికితే వచ్చింది. మందర పర్వతం స్ప్రాకెట్టు, అంటే పళ్లచక్రం; వాసుకి చైను; అడుగున భారం మోసిన కూర్మం సెంటరు స్టాండు. మథనంలో తాడు ముందుకూ వెనుకకూ ఆడుతుంది, చైను ఒక్క దిక్కునే తిరుగుతుంది కాబట్టి పోలిక కుదరదని ఆక్షేపించేవారికి, దీనిని లుప్తోపమగా, అంటే ఒక అంగం లోపించిన ఉపమగా, గ్రహించవచ్చునని సమాధానం. ముఖ్యమైన సంగతి వేరే ఉన్నది: రాపిడికి తాళలేక వాసుకి విషం కక్కాడు. నూనె లేని చైనుకు పురాణంలో ఉన్న తొలి ప్రమాణం ఇదే.

చైను తెగినచోట సత్యమెఱుగు: ఏది ఆ సత్యం? జగత్తు అనిత్యమన్నదే సత్యమని పూర్వపక్షం; రైడర్లందరూ సోమవారం నాడు దీనినే సమర్థిస్తారు. అది నిలవదు. ఎక్కడెక్కడ పొగ ఉన్నదో అక్కడక్కడ నిప్పు ఉన్నట్టు, ఎక్కడెక్కడ చైను తెగిందో అక్కడక్కడ పట్టించుకోని యజమాని ఉన్నాడని వ్యాప్తి. చైను చెప్పకుండా తెగదు. మొదట కరకరమంటుంది, తర్వాత వదులై గార్డుకు కొట్టుకుంటుంది, తర్వాత స్ప్రాకెట్టు పళ్లు కొంకి తిరుగుతాయి. లోకం దీనిని ‘చైను సాగింది’ అంటుంది గాని ఇనుప రేకులు సాగవు. లింకులను కలిపే పిన్నులూ వాటి చుట్టూ ఉండే బుష్షులూ అరిగి, ఒక్కొక్క లింకు దగ్గర వెంట్రుకవాసి ఎడం ఏర్పడి, నూరు లింకుల ఎడాలు కలిసి పొడవుగా కనిపిస్తాయి. కొండదారి దుమ్మూ, ఊరు చేరగానే ఫొటో కోసం కొట్టించే నీళ్ల ప్రెషరూ ఉన్న కాస్త నూనెను పోగొడతాయి. కింది వరుస వేలితో నొక్కితే సుమారు 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. అంతకు మించి ఆడినా, బొత్తిగా ఆడకపోయినా ముప్పే. ఇదంతా బండితోపాటు ఇచ్చిన పుస్తకంలో ఉన్నది. రైడర్లు చదవని ఏకైక యాత్రాగ్రంథం అది.

ఇచ్చట ‘జేబు నెఱుగు’ అని పాఠాంతరం. అర్థాన్ని బట్టి ఇదే మేలైనా, ‘చై’లోని ఐకారానికి ‘జే’లోని ఏకారంతో స్వరమైత్రి లేక యతిభంగం అవుతున్నందున విడిచిపెట్టడమైనది. సత్యం యతికి లొంగిన సందర్భాలు సాహిత్యంలో ఇంకా ఉన్నవి.

జేబు అన్నందుకు మరొక ముక్క. చైను తెగిన చోట సత్యంతోపాటు ఒక మెకానిక్కు కూడా ఉంటాడు. లేకపోతే కవి ఇంటికి చేరేవాడు కాదు, పద్యం పుట్టేది కాదు. తాటాకు పందిరి కింద పాత టైరు మీద కూర్చున్న ఆ మనిషి తెగిన లింకు తీసి, లాక్ వేసి, దాని మూసిన కొస చైను తిరిగే దిక్కుకు ఉండేలా తిప్పి బిగిస్తాడు. తిరగేసి పెడితే దేనికో తగులుకుని ఊడుతుందని అతనికి తెలుసు. తొంభై నంబరు ఆయిలు బ్రష్షుతో పూసి, చక్రం చేత్తో తిప్పి, చెవి పెట్టి వింటాడు. దీనికి వంద రూపాయలు అడిగితే, పదివేల జాకెట్టు తొడుక్కున్న రసికుడు యాభైకి బేరమాడతాడు. నాలుగు పాదాల పద్యంలో అతనికి ఒక్క గణం కూడా దక్కలేదు. బాస్టియన్ బతికి ఉంటే ఈ కవిని ఆదరించేవాడు.

రెండవ పాదం స్పష్టమని పైన చెప్పడం వ్యాఖ్యాత పొరపాటు. పాలు మోయువాడు, అనగా ఇరుపక్కలా క్యాన్లు వేలాడదీసిన 97.2 సీసీ బండి మీదనో, అంతకన్నా తేలికైన మోపెడ్ మీదనో ఊళ్లు తిరిగి పాలు పోసుకువచ్చేవాడు. అతడు పూటకు 20 కిలోమీటర్ల చొప్పున రోజుకు 40 తిరుగుతాడనుకుంటే, ఏడాదికి 14,600 కిలోమీటర్లు అవుతుంది. శ్రీనగరం నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ జాతీయ రహదారి పొడవు 3,745 కిలోమీటర్లు. దాని మీద ఒక్కసారి ఈ కొస నుంచి ఆ కొసకు పోయినవాడు జీవితాంతం చెప్పుకుంటూ ఉండగా, ఇతడు ఏటా దాదాపు నాలుగుసార్లు అంత దూరం పోతూ, వానలోనూ మంచులోనూ ఒక్కరోజూ మానడు. మానితే పాలు విరుగుతాయి. ఇతని చైనుకు ఎప్పుడూ నూనె ఉంటుంది. ‘బండివాడు’ అన్నమాట నిందగా వాడబోయి కవి తెలియకుండా ఇచ్చిన బిరుదు ఇది: రైడరు వాక్యంలోంచి జారిపోయిన బండి, ఇతని పేరులో మిగిలి ఉన్నది.

తాత్పర్యం

చైనుకు ఐదు వందల కిలోమీటర్లకొకసారి నూనె వేయవలెను. మెకానిక్కు అడిగినది ఇవ్వవలెను. ఘాటులో పాలబండి ఎదురైతే పక్కకు తప్పుకోవలెను. తక్కినది స్పష్టం.