టెర్మినల్‌కు తెలుగు నేర్పే విధానం

ముందు లొకేల్‌కు, అంటే భాష, దేశం సెట్టింగుకు, పేరు కావాలి. లినక్స్‌లో ఆ పేరుకు మడి ఎక్కువ: భాషకు రెండు చిన్నక్షరాలు, ఒక అండర్‌స్కోర్, దేశానికి రెండు పెద్దక్షరాలు. మనకైతే టీఈ, అండర్‌స్కోర్, ఐఎన్. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటే మన రాష్ట్రాభిమానం ఏమైనట్టు? ఐఎన్ కొట్టేసి ఏపీ అని పెట్టండి. అలాంటి లొకేల్ లేదంటుంది, పట్టించుకోకండి. తెలంగాణ వారు 2024 నుంచి కొత్త బండ్ల నంబరు ప్లేట్ల మీద వస్తున్న టీజీ పెట్టుకోవచ్చు. అంతర్జాతీయ పట్టికలో ఆ రెండక్షరాలు పశ్చిమాఫ్రికాలోని టోగోవి. పోనీ, టోగో వాళ్లేమీ అనుకోరు. డాలస్‌లో ఉన్నవారు యూఎస్ తగిలించినా దండగే; తెలుగు ఎన్ని దేశాలు తిరిగినా లినక్స్ దగ్గర దాని చిరునామా ఇండియా ఒక్కటే.

పేరు కుదిరిందా? ఇప్పుడు లొకేల్‌ను తయారు చేయించకండి. జాబితా ఫైల్లో ఆ వరుస ముందున్న హ్యాష్ తీసేసి లొకేల్-జెన్ నడపాలంటారు, అదంతా ఓపికున్నవాళ్ల పని. మీరు నేరుగా లాంగ్ అనే వేరియబుల్‌లో పేరు రాసేయండి. ఇక ఏ పెర్ల్ స్క్రిప్టు నడిపినా, లొకేల్ కుదరలేదు కాబట్టి మామూలు లొకేల్ 'సీ'కి వెళ్తున్నానని గోల పెడుతుంది. అదే ఊపులో ఆఫీసు సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్ చేయండి. డెబియన్, ఉబుంటుల్లో ఎస్ఎస్‌హెచ్ మీ భాష సెట్టింగులను వెంటబెట్టుకుని వెళ్తుంది. అక్కడ తెలుగు వేసినవాళ్లు లేకపోతే ఆ గోల అక్కడా మొదలు. సర్వర్ చూసుకునే ఆయన మీ పేరు కనుక్కుంటాడు.

మెసేజీలు ఇంగ్లీషులోనే ఉంచి, ఎల్‌సీ టైమ్, ఎల్‌సీ న్యూమరిక్ రెంటికే తెలుగు పెట్టుకునే దారి ఒకటుంది. తేదీలో 'జనవరి' వస్తుంది, కోరితే అంకెలు 12,34,567 అని లక్షల లెక్కలో పడతాయి, ఎర్రర్లను నెట్‌లో వెతుక్కోవడానికీ ఇబ్బంది లేదు. నిజంగా పనికొచ్చేది ఇదొక్కటే, కాబట్టి ఎవరికీ చెప్పకండి. నెల పేరు చూసి పాత బ్యాకప్‌లు చెరిపే స్క్రిప్టు మాత్రం 'జనవరి'ని గుర్తుపట్టక డిస్కు నింపేస్తుంది.

అప్పుడు పక్క సీటాయన వచ్చి ఎల్‌సీ ఆల్‌కు 'సీ' ఇమ్మంటాడు. ఎల్‌సీ ఆల్ ఇంటి పెద్ద లాంటిది. అది ఒక మాటన్నాక ఎల్‌సీ టైమ్, లాంగ్ ఎవరూ నోరెత్తరు. ఆ వరుసను బ్యాష్ఆర్‌సీలో శాశ్వతంగా రాసేయండి. గోల ఆగిపోతుంది. తెలుగు పేర్లు పెట్టుకున్న ఫైళ్ల జాబితా తీస్తే మాత్రం 'త' ఉన్నచోట \340\260\244 కనబడుతుంది.