జెండా చెరిపిన మొనగాణ్ణి

ఫోటో చెడితే కెమెరాని తిట్టుకోవడం మా ఫోటోగ్రాఫర్లకి అలవాటే. నా కెమెరా మాత్రం పాపం ఉన్నదున్నట్టే తీసింది. ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ, తీరిగ్గా ల్యాప్‌టాప్ ముందు కూచుని ఆ ఫోటోని చెడగొట్టింది నేను.

ఆరిజోనాలో టూసాన్‌కి నైరుతిన ఆల్టార్ లోయ మెక్సికో సరిహద్దు దాకా పరుచుకుని ఉంటుంది. దానికి పడమట బాబోకివారి శిఖరం. టోహోనో ఓధమ్ తెగవాళ్ళకి అది సృష్టికర్త ఈటోయి ఉండే కొండ. ఓ చలికాలపు పొద్దున, తొలి ఎండ తగిలి కొండ ఎర్రబడే వేళకి ట్రైపాడ్ పాతేశాను. ముందు గడ్డి, మెస్కీట్ పొదలు, వెనక శిఖరం. ఇంకేం కావాలి? ఫ్రేములో ఓ పక్కన మాత్రం పొడుగాటి గుంజకి నీలి జెండా, దాని మొదట్లో రెండు నీలం డ్రమ్ములు.

అవేమిటో తెలియక చేశానంటే సగం పాపం పోయేది. తెలుసు. సరిహద్దు దాటి ఎడారికి అడ్డంపడి నడిచొచ్చేవాళ్ళు దాహంతో ప్రాణాలు పోగొట్టుకోకూడదని హ్యూమేన్ బోర్డర్స్ అనే స్వచ్ఛంద సంస్థ 2001 నుంచీ అలా నీళ్ళు పెడుతోంది. పొదల్లో నడిచేవాడికి దూరాన్నించే ఆనాలని అంత ఎత్తున జెండా. అయితేనేం, నాది ప్రకృతి ఫోటో, మధ్యలో రాజకీయం ఎందుకు? హీలింగ్ బ్రష్‌తో జెండాని తుడిచేశాను, గుంజని తుడిచేశాను, డ్రమ్ముల మీద గడ్డి మొలిపించాను.

ఆ ఫోటో మా ఊరి తెలుగు సంఘం సావనీరుకి ముఖచిత్రమైంది. ఉగాది సభలో మెచ్చుకోనివాళ్ళు లేరు. కూతురింటికి వచ్చిన ఓ పెద్దాయన, జీవితమంతా సేద్యం చేసిన మనిషి, పుస్తకాన్ని చేతిదూరంలో పట్టుకుని కాసేపు చూసి, "ఏం బాబూ, నీడుంది గానీ గుంజేదీ?" అన్నాడు.

చూద్దును కదా, గడ్డి మీద కొండవైపు బారుగా సన్నటి నీడ! "పక్కన చెట్టుందండీ, ఫోటోలో పడలేదు" అని అప్పటికప్పుడు ఓ అబద్ధం అల్లాను. "చెట్టు కొసన గుడ్డ ఎగురుతోందే!" అన్నాడాయన. పులిహోర తెచ్చుకుంటానని చెప్పి అక్కణ్ణించి జారుకున్నాను.

మనిషి అలికిడి లేని చోటని నేను మురిసిపోయిన ఆ నేలని ప్రభుత్వం ఏనాడో గోడ కింద జమకట్టింది. ఊళ్ళ దగ్గర కంచెలూ గస్తీలూ బిగిస్తే జనం ఎడారివైపు మళ్ళుతారని, దాన్ని చూసి జడిసి ఆగిపోతారని 1994లో సరిహద్దు కాపలా దళం బోర్డర్ పెట్రోల్ అంచనా వేసింది. జనం మళ్ళారు గానీ ఆగలేదు. తర్వాతి ఏళ్ళలో దక్షిణ ఆరిజోనాలో దొరికిన శవాలు వేలల్లో ఉన్నాయి.

ఇంకో సిగ్గుచేటు. ఎడారి ఫోటోల్లో చెయ్యి తిరిగిన రిచర్డ్ మిస్రాక్ 2004లో కాలిఫోర్నియా సరిహద్దున కలెక్సికో దగ్గర ఇలాంటి నీళ్ళ డ్రమ్మునే ఫోటో తీశాడు. అదే దారిన పోయి, సంగీతకారుడు గిల్లెర్మో గలిందోతో కలిసి 2016లో 'బోర్డర్ కాంటోస్' తెచ్చాడు. ఆయన ఎక్కడ కెమెరా గురిపెట్టాడో సరిగ్గా అక్కడ నేను బ్రష్ పెట్టాను.

అసలు తెలివితక్కువతనం బ్రష్ కంటే పాతది. వీసా స్టాంపింగ్‌కి మెక్సికోలోని నొగాలెస్ వెళ్ళినప్పుడు ఇదే సరిహద్దు నేనూ దాటాను, చంకలో లావుపాటి ఫైలుతో. కంచె అవతలవాళ్ళ గొడవ వేరు, మన దారి వేరు అనుకున్నాను. ఆ లోయ 1854 దాకా మెక్సికోదే. కోటి డాలర్లకి బేరం కుదిరి గీత దక్షిణానికి జరిగింది. ఓధమ్ జనం కదలకుండానే రెండు దేశాలవాళ్ళయిపోయారు. 1904 నాటికి గుర్రాలెక్కి ఈ గీత కాపలా కాసినవాళ్ళు వెతికింది ముఖ్యంగా చైనావాళ్ళ కోసం. 1924 మే నెలలో ఆసియావాళ్ళకి దాదాపుగా తలుపు మూసే చట్టం మీద సంతకమైన రెండు రోజులకే బోర్డర్ పెట్రోల్ పుట్టింది. 1965లో ఆ చట్టం మారకపోతే నా ఫైలు ఎంత లావైతే ఏం లాభం? చట్టం ఇచ్చిన వీలుని నా ప్రతిభ ఖాతాలో రాసుకుని, నీళ్ళ డ్రమ్ముని మాత్రం పరాయివాళ్ళ ఖాతాలోకి తోసేశాను.

ఆ ఫోటో అసలు ఫైలు హార్డ్ డిస్కులో భద్రంగానే ఉంది. మరుసటేడు సావనీరుకి మళ్ళీ ఫోటో అడిగితే, ముట్టుకోకుండా అదే పంపాను, జెండాతో, డ్రమ్ములతో సహా. అచ్చయి వచ్చింది. సంఘం పేరు పెద్దక్షరాల్లో సరిగ్గా జెండా మీదే వేశారు. ఆకాశంలో అక్షరాలు బాగా కనిపిస్తాయట. వాళ్ళని ఒక్క మాటనడానికి నాకు నోరు రాలేదు.