పొదుపు ఖాతాలో పొదుపు మిగలకుండా చూసుకునే విధానం

పొదుపు ఖాతా అంటే జీతం ఒక రాత్రి తలదాచుకునే సత్రం. గోదావరిఖని, రామగుండం బొగ్గు బాయిల చుట్టూ ఉన్న ఏ బ్యాంకు శాఖలోనైనా ఈ నిర్వచనానికి నిదర్శనం నెల మొదటి వారంలో దొరుకుతుంది. ఈ బాయిలను నడిపే సింగరేణి కాలరీస్ కంపెనీ 1920లో ఏర్పడింది. ఒకప్పుడు జీతం రోజున బాయి మీదే నోట్లు లెక్కపెట్టి చేతికిచ్చేవారు. అప్పుడు పైసలు జేబులోంచి పోయేవి, ఇప్పుడు ఖాతాలోంచి పోతున్నాయి. పోయిన సంగతి చెప్పే ఎస్ఎంఎస్‌కు కూడా కొన్ని బ్యాంకులు మూడు నెలలకోసారి రుసుము పట్టుకుంటాయి కాబట్టి ప్రగతి జరగలేదనడానికి వీల్లేదు.

ఖాతాను నేర్పుగా వాడదలచుకున్న కార్మికుడు కింది మెట్లను వరసగా పాటించాలి.

1. వడ్డీని అర్థం చేసుకోవడం

పొదుపు ఖాతా వడ్డీని ఎవరి ఇష్టం ప్రకారం వారు నిర్ణయించుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2011 అక్టోబరులో బ్యాంకులకు స్వేచ్ఛ ఇచ్చింది. అప్పటికి రేటు 4 శాతం. స్టేట్ బ్యాంకు 2025 జూన్ నాటికి ఆ స్వేచ్ఛను 2.5 శాతం దాకా దించింది.

లెక్కకట్టే పద్ధతి మాత్రం ఖాతాదారు వైపే మారింది. 2010 ఏప్రిల్ 1కి ముందు, నెలలో పదో తేదీ నుంచి ఆఖరు రోజు దాకా ఖాతాలో ఉన్న కనిష్ఠ నిల్వకే వడ్డీ వచ్చేది. ఆ తేదీ నుంచి ఏ రోజు నిల్వకు ఆ రోజు వడ్డీ కడుతున్నారు. ఈ సంస్కరణ బొగ్గు బెల్టు కోసమే చేసినట్టుంటుంది. 60,000 రూపాయల జీతం ఒక్క రాత్రి ఖాతాలో పడుకుంటే 2.5 శాతం చొప్పున 4 రూపాయల 11 పైసలు వస్తాయి. చౌరస్తాలో అర కప్పు చాయ్‌కి దగ్గర దగ్గరగా సరిపోతుంది. నెలంతా కదలకుండా ఉంటే 123 రూపాయలు వస్తాయి గానీ, నెలంతా కదలని జీతాన్ని ఆ చుట్టుపక్కల చూసినవారు అరుదు.

నిర్ణీత మొత్తానికి మించిన నిల్వ దానంతట అదే ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారి ఎక్కువ వడ్డీ తెచ్చే ఆటో స్వీప్ సదుపాయం చాలా బ్యాంకుల్లో ఉంది. అవసరమైనప్పుడు ఆ డబ్బు తిరిగి ఖాతాలోకి వస్తుంది. దాన్ని అడగకుండా ఉండటం ముఖ్యం. అడగనివారికి బ్యాంకు దానంతట అది చెప్పే ప్రమాదం పెద్దగా లేదు.

2. ఖాతాలు పెంచడం

ఒకే ఖాతా ఉంటే ఎంత ఉందో, ఎంత పోయిందో తెలిసిపోతుంది. అందుకే బాయి గేటు దగ్గర ఫారం పట్టుకుని నిలబడ్డ ప్రతి ఏజెంటుకూ ఒక సంతకం పెట్టాలి. జీతం ఖాతా ఒకటి, బండి లోనుకు ఒకటి, ఫోను వాయిదాకు ఒకటి, ఎందుకు తెరిచారో గుర్తులేనిది ఒకటి ఉండటం ఆనవాయితీ.

కనీస నిల్వ జరిమానా కావాలంటే ఇప్పుడు కొంచెం శ్రమపడాలి. పూర్వం అది ఇంటి దగ్గరే దొరికేది. స్టేట్ బ్యాంకు 2017 ఏప్రిల్‌లో ఈ జరిమానాను మళ్లీ మొదలుపెట్టి, నవంబరు దాకా ఎనిమిది నెలల్లో 1,771 కోట్ల రూపాయలు వసూలు చేసింది. అదే ఏడాది జూలై నుంచి సెప్టెంబరు దాకా మూడు నెలలకు ఆ బ్యాంకు నికరలాభం 1,581 కోట్లు. ఖాతాలో పైసలు లేకపోవడం కూడా ఒక సంపదేనని అప్పుడు తేలింది. 2020 మార్చిలో స్టేట్ బ్యాంకు ఈ జరిమానాను ఎత్తేసింది. 2025 మధ్యలో కెనరా, పంజాబ్ నేషనల్, ఇండియన్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడా కూడా అదే దారి పట్టాయి. జరిమానా మీద మమకారం చావనివారికి ప్రైవేటు బ్యాంకులున్నాయి. ఐసీఐసీఐ బ్యాంకు 2025 ఆగస్టులో నగరాల్లోని కొత్త ఖాతాలకు నెలసరి సగటు నిల్వ 50,000 ఉండాలని ప్రకటించి, గగ్గోలు లేవడంతో కొద్ది రోజులకే 15,000కు దిగింది.

ఇందులో "సగటు" అనే మాటను పట్టించుకోకూడదు. పట్టించుకుంటే 10,000 సగటు నిల్వ కోసం నెలంతా 10,000 ఉంచనక్కర్లేదనీ, మూడు లక్షలు ఒక్క రోజు ఉన్నా ముప్పై రోజుల లెక్క సరిపోతుందనీ అర్థమవుతుంది. నిల్వ తగ్గితే బ్యాంకు ముందుగా కబురు చేసి నెల గడువివ్వాలన్న నిబంధన, ఈ జరిమానా వల్ల ఖాతా సున్నా కిందికి పోకూడదన్న నిబంధన కూడా ఇలాగే తెలిసిపోయే అవకాశం ఉంది. ఈ రెండూ 2015 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి.

3. ఏటీఎం రుసుము తప్పించుకోవడం

సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకు ఐదు లావాదేవీలు ఉచితం. ఇతర బ్యాంకుల ఏటీఎంలు మహానగరాల్లో ఉంటే మూడు, మిగతా ఊళ్లలో ఉంటే ఐదు. గోదావరిఖని మహానగరం కాకపోవడం వల్ల కలిగిన లాభాల్లో ఇది ఒకటి. ఆ పైన ప్రతిసారీ 23 రూపాయల దాకా తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2025 మే 1 నుంచి అనుమతించింది. 18 శాతం జీఎస్టీ కలిపితే 27 రూపాయల 14 పైసలు. నిల్వ ఎంతుందో చూసుకోవడం కూడా లెక్కలోకి వస్తుంది. జీతం పడిందా లేదా అని పొద్దున ఒకసారి, షిఫ్టు దిగాక ఒకసారి, సందేహం తీరక మరోసారి మీట నొక్కితే ఉచిత కోటా ఒక్క రోజులో సగానికి పైగా అయిపోతుంది. ఫోనులో మిస్డ్ కాల్‌తో ఇదే సంగతి పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది కాబట్టి ఆ నంబరు దాచుకోకూడదు.

ఈ రుసుమును శాశ్వతంగా వదిలించుకునే మార్గం బొగ్గు బెల్టులో ఎప్పటినుంచో వాడుకలో ఉంది. కార్డును, దాని పిన్‌ను వడ్డీ వ్యాపారికి అప్పగించడమే ఆ మార్గం. పాస్‌బుక్కు, సంతకం చేసిన ఖాళీ చెక్కులు, ప్రామిసరీ నోటు కూడా జతచేస్తే ఇల్లు ఖాళీగా, శుభ్రంగా ఉంటుంది. జీతం పడిన రోజు వ్యాపారే వరసలో నిలబడి, తన వడ్డీ తీసుకుని, మిగిలింది తెచ్చిస్తాడు. ఫస్ట్ షిఫ్టులో బొగ్గు తీసి అలసిన మనిషికి బ్యాంకు దాకా నడిచే పని తప్పుతుంది. ఇంత సేవ ఏ బ్యాంకూ చేయదు.

దీని ఖరీదు చూడాలి. నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీ మీద 50,000 తెస్తే నెలకు 2,500, ఏడాదికి 30,000. అదే 50,000 పొదుపు ఖాతాలో ఏడాదంతా ఉంటే వచ్చేది 1,250. బ్యాంకు పన్నెండు నెలలు కూడబెట్టి ఇచ్చే వడ్డీని అప్పు పదిహేను రోజుల్లో తినేస్తుంది. నూటికి పది అయితే ఎనిమిది రోజులు చాలు. రోజువారీ వసూలు చేసే గిరిగిరి ఫైనాన్స్ అయితే అసలు లెక్కే కట్టకూడదు, మనసు పాడవుతుంది. అదే జీతాన్ని చూసి బ్యాంకు ఇచ్చే వ్యక్తిగత రుణానికి సాధారణంగా ఏడాదికి పది నుంచి పదిహేను శాతం, అంటే బాయి భాషలో రూపాయి పావలా లోపు వడ్డీ. దానికి కాగితాలు అడుగుతారు. వడ్డీ వ్యాపారి కాగితాలు అడగడు, ఖాళీ కాగితాల మీద సంతకాలు అడుగుతాడు.

వడ్డీ వ్యాపారానికి లైసెన్సు ఉండాలని ఫసలీ 1349 నాటి నిజాం కాలపు చట్టమే చెప్పింది. పిన్ చేతులారా ఇచ్చుకున్నవారు, బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాకా పోయిన డబ్బంతా తామే భరించాలని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు చెప్పింది. ఈ రెండూ గుర్తుపెట్టుకుంటే కార్డు తిరిగి అడగాలనిపిస్తుంది. మొత్తం మీద ఈ పద్ధతిలో 27 రూపాయల రుసుము మాత్రం ఖాయంగా ఆదా అవుతుంది.

4. కోతలను కనిపెట్టడం

జాగరూకుడైన ఖాతాదారు మే నెలాఖరులో పాస్‌బుక్కు తెరిచి 20 రూపాయల కోతను పట్టుకుంటాడు. అది ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రీమియం. ఏడాదికి 20 రూపాయలకు ప్రమాద మరణమైతే కుటుంబానికి రెండు లక్షలు వస్తాయి. పైకప్పు కూలే చోట పనిచేసే మనిషి, ఈ దుబారాను వెంటనే ఆపించాలి. 436 రూపాయల జీవన్ జ్యోతి బీమా ఏ కారణంతో పోయినా రెండు లక్షలిస్తుంది కనుక మరింత అనుమానాస్పదం. 2024లో సింగరేణి బ్యాంకు ఒప్పందంతో జీతం ఖాతాలకు కోటి రూపాయల ప్రమాద బీమా తెచ్చింది. దీనికి ప్రీమియం కోత కనిపించదు కాబట్టి ఇంట్లోవారికి చెప్పాల్సిన పని ఉండదు. చెప్పనివారి కుటుంబాలు తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగి తెలుసుకుంటాయి.

పెద్ద కోతల వైపు చూడకూడదు. జీతం పడే తేదీకి రెండు రోజుల ముందు ఈఎంఐ తేదీ పెట్టుకుంటే వాయిదా వెనక్కి తిరుగుతుంది. అప్పుడు ఖాతా ఉన్న బ్యాంకు ఒక రుసుము, అప్పిచ్చిన సంస్థ ఒక రుసుము, రెండింటి మీదా జీఎస్టీ పడతాయి. సిబిల్ స్కోరు తగ్గుతుంది. తేదీ మార్చమని అప్పిచ్చిన సంస్థకు ఒక అర్జీ పెడితే ఇదంతా తప్పుతుంది. కానీ అర్జీ రాయాలంటే సెలవు పెట్టాలి, సెలవు పెడితే మస్టర్, అంటే ఆ రోజు హాజరు, పోతుంది. ఒక మస్టర్ కాపాడుకోవడానికి ఏడాదికి పన్నెండు జరిమానాలు కట్టడం లెక్క తెలిసినవారి లక్షణం.

5. పండుగ పైసలు

దసరాకు లాభాల వాటా, దీపావళికి పనితీరును బట్టి ఇచ్చే పీఎల్ఆర్ బోనస్ వస్తాయి. 2024లో కార్మికుల వాటా 33 శాతంగా ప్రకటించి 796 కోట్లు పంచారు. సగటున మనిషికి లక్షా తొంభై వేలు. పీఎల్ఆర్ 93,750 రూపాయలు. అదే బొగ్గు మీద పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి తొలిసారి 5,000 ఇచ్చారు. ఆయన ఖాతాకు ఈ అధ్యాయం వర్తించదు. ఆ ఐదు వేలు వచ్చిన పూటే కిరాణా కొట్టు బాకీలో కలుస్తాయి.

ఈ సొమ్మును ఖర్చుపెట్టడానికి సరైన సమయం అది రాకముందు. వాటా శాతం పత్రికల్లో పడిన రోజే లక్ష్మీనగర్ బంగారం కొట్లో అడ్వాన్సు, షోరూములో బండి బుకింగు, పాత అప్పుకు హామీ, కొత్త అప్పుకు పూచీ అన్నీ ఒకే రూపాయి మీద జరిగిపోవాలి. పైసలు ఖాతాలో పడేసరికి అవి అతిథులు మాత్రమే. ఆ సొమ్ముతో ముందుగా నూటికి ఐదు రూపాయల అప్పు తీర్చేయడం ఏడాదికి 60 శాతం రాబడితో సమానం. అంత రాబడి ఏ డిపాజిట్టూ ఇవ్వదు. అయినా దాన్ని పెట్టుబడిగా ఎవరూ పరిగణించరు, ఎందుకంటే దాన్ని మెడలో వేసుకోలేరు.

6. రిటైరయ్యాక

సింగరేణిలో రిటైర్మెంటు వయసు 2021లో 61కి పెరిగింది. ఆ రోజు తర్వాత జీతం పడటం ఆగిపోతుంది. కొన్నాళ్లకు జీతం ఖాతా మామూలు పొదుపు ఖాతాగా మారి, దాంతోపాటు వచ్చిన సదుపాయాలు రాలిపోతాయి. బ్యాంకు శాఖకు వెళ్లి ఏ ఖాతాగా మారిందో అడగడం అమర్యాద.

బొగ్గు గనుల భవిష్యనిధి (సీఎంపీఎఫ్), గ్రాట్యుటీ కలిపి జన్మలో చూడనంత సొమ్ము ఒక్కసారి పడుతుంది. అంతా ఒకే బ్యాంకులో, పొదుపు ఖాతాలోనే ఉంచాలి. డిపాజిట్ బీమా 2020 ఫిబ్రవరి నుంచి ఒక బ్యాంకులో ఒక మనిషికి ఐదు లక్షల దాకానే వర్తిస్తుంది. అదే బ్యాంకు శాఖలు ఎన్ని మార్చినా లెక్క ఒక్కటే. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పొదుపు పథకం 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం వడ్డీని మూడు నెలలకోసారి ఇస్తోంది, 30 లక్షల దాకా పెట్టవచ్చు. ఈ మాట ఇంటికొచ్చిన దూరపు బంధువు ముందు ఎత్తకూడదు. ఆయన అంతకంటే మంచి పథకంతోనే వచ్చి ఉంటాడు. ప్లాటు కాగితాలు సంచిలో ఉంటాయి. నవంబరులో ఇవ్వాల్సిన జీవన ప్రమాణ పత్రం మరిచిపోతే పింఛను ఆగుతుంది. అప్పుడు బతికే ఉన్నానని రుజువు చేసుకునే కాలక్షేపం దొరుకుతుంది.

7. ఫిర్యాదు చేయడం

అన్యాయంగా రుసుము పట్టుకున్నారనిపిస్తే బ్యాంకు గుమ్మంలో ఉన్న సెక్యూరిటీ గార్డును గట్టిగా అడగాలి. ఆయన కూడా కాంట్రాక్టు మనిషే కాబట్టి ఓపికగా వింటాడు. రాతపూర్వకంగా మాత్రం ఏమీ ఇవ్వకూడదు. రాసిస్తే రసీదు వస్తుంది. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లే హక్కు పుడుతుంది. 2021 నవంబరు నుంచి అది దేశమంతటికీ ఒకే పథకం. పైసా రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, 14448 నంబరులో దారి చెబుతారు. ఇంత సులువుగా జరిగే పనికి కోపం దండగ.

8. ఖాతా ముగింపు

ఖాతాను మూయకూడదు, మరిచిపోవాలి. రెండేళ్లు లావాదేవీ లేకపోతే అది నిద్రాణ ఖాతా అవుతుంది. అలాంటి ఖాతాకు కనీస నిల్వ జరిమానా వేయకూడదని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది, కాబట్టి నిద్ర చెడగొట్టేవారు లేరు. నామినీ గడి ఖాళీగా వదిలేయాలి. 2025 నవంబరు నుంచి నలుగురి పేర్లు రాయడానికి వీలు కల్పించినందున ఎవరి పేరు రాయాలో తేలక వాయిదా వేయడం ఇప్పుడు మరింత తేలిక.

పదేళ్లు గడిచినా ఎవరూ అడగకపోతే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు నడిపే ఒక నిధికి చేరుతుంది. వారసులు ఉద్గమ్ పోర్టల్‌లో పేరు వెతికి, బ్యాంకులో రుజువులు చూపి అప్పుడు కూడా తీసుకోవచ్చు. వెతకాలని వారికి తెలిసి ఉండాలి. ఆ నిధి పేరు డిపాజిటర్ ఎడ్యుకేషన్ అండ్ అవేర్‌నెస్ ఫండ్. ఖాతా సంగతి తెలియనివారి సొమ్ముతో ఖాతాల సంగతి మిగతావారికి తెలియజేయడం దాని పని.