నిగ్గుతీత పద్యం – టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
మెరుపు మెండు గిటరు మెడ యంటుచుండగా
చేతి చెమట వలన, చింత యేల?
గరుకు కాగితమ్ము కరమున ధరియించి
నిగ్గు తీయవయ్య నెమ్మదిగను.

అవతారిక: చాలా ఎలక్ట్రిక్ గిటార్ల మెడ వెనుక అద్దంలాంటి పూత ఉంటుంది. దుకాణంలో అది కంటికి ఇంపు, చెమట పట్టిన చేతికి జిగురు. రంపచోడవరం దాటి అడ్డతీగల మన్యంలోకి వచ్చాక వానాకాలంలో ఆరవేసిన బట్టే ఓ పట్టాన ఆరదు, అరచెయ్యి ఏం ఆరుతుంది? చర్చి పాటలోనో పెళ్లి బ్యాండులోనో ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు జారవలసిన బొటనవేలు మధ్యలో అతుక్కుంటుంది, స్వరం వెనకబడుతుంది. అలాంటి వాద్యగాడికి చెప్పిన హితవు ఈ పద్యం.

ప్రతిపదార్థం: మెరుపు మెండు = నిగనిగ అధికంగా గల; గిటరు మెడ = గిటారు యొక్క మెడ; చేతి చెమట వలన = చేతికి పట్టిన చెమట కారణంగా; అంటుచుండగా = అతుక్కుంటూ ఉండగా; చింత యేల = దిగులెందుకు; గరుకు కాగితమ్ము = వాటర్ పేపరును; కరమున ధరియించి = చేతబట్టి; నెమ్మదిగను = తొందరపడక; అయ్య = ఓ అయ్యా; నిగ్గు తీయుము = మెరుపు తగ్గించుము.

వ్యాఖ్య: గిటారు ‘గిటరు’ కావడం గణాల కోసం; కవులకు ఆపాటి దీర్ఘం మింగే హక్కు ఉంది. ‘నిగ్గు తేల్చుట’ వేరు, ‘నిగ్గు తీయుట’ వేరు. మొదటిది విచారణ సంఘాల పని. ‘మెరుపు’ అన్న మాట మీద కాసేపు నిలవాలి. కొలిచెలమ మల్లినాథసూరి మేఘసందేశంలోని మెరుపులకు వ్యాఖ్య రాశాడు గాని, ఈ మెరుపు ఆయన కాలానికి లేదు. నున్నని తలం మీద పడిన వెలుగు ఒకే దిక్కుకు తిరిగిపోవడమే మెరుపు. తలం మీద సన్నటి గీతలు పడితే ఆ వెలుగే నలుదిక్కులా చెదురుతుంది. అంటే తీసేది పూతను కాదు, పూత నునుపును. గీతలు పడిన చోట చర్మం పూతను అంతటా తాకదు గనుక జిగురూ తగ్గుతుంది.

పూతలోనూ జాతులున్నాయి. ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టర్‌కు తొలినాళ్లలో నైట్రోసెల్యులోజ్ లక్కర్ వేసేవారు. 1960ల చివరికి మందపాటి పాలియెస్టర్ వచ్చింది. నేటి చవక గిటార్లలో ఎక్కువ భాగం పాలియెస్టర్, పాలీయూరిథేన్ జాతివే. అవి గట్టివి, గరుకు కాగితానికి ఓర్చుకుంటాయి. పాత నైట్రో పూత పలుచన. దాని జోలికి పోకపోవడమే మేలు.

‘గరుకు’ అనగా ఎంత గరుకు? పద్యంలో లేదు గనుక టీకాలో చెప్పాలి. 1500 నుంచి 2000 నంబరు వాటర్ పేపరు చాలు. కారు పెయింటింగు వాళ్లు వాడే బూడిదరంగు స్కాచ్‌బ్రైట్ కూడా పనికొస్తుంది. 400 నంబరు తలుపులకు వాడతారు, మెడకు కాదు. కొందరు నాలుగు సున్నాల ఉక్కు పీచు వాడతారు. దాని పొడి ఇనుము, గిటారు పికప్‌లలో ఉండేది అయస్కాంతం. ఒకసారి పట్టుకుంటే నూకల్లా ఏరాల్సిందే. కనుక పికప్‌లను ముందే మాస్కింగ్ టేపుతో మూసేయాలి.

‘నెమ్మదిగను’: పద్యానికి ప్రాణం ఇదే. ముందు తీగలు విప్పాలి. మెట్లున్న పలక అంచులకు టేపు అంటించాలి. కాగితాన్ని సబ్బు నీళ్లలో తడిపి, మెడ పొడుగునా, ఒకే దిక్కుగా, ఒకే ఒత్తిడితో రుద్దాలి. అడ్డంగా రుద్దితే ఆ గీతలు కంటికి కొడతాయి. నీరు మరలరంధ్రాల్లోకి దిగితే చెక్క ఉబ్బుతుంది. పది రుద్దులకోసారి గుడ్డతో తుడిచి వెలుగుకు ఎదురుగా పట్టి చూడాలి. ఇంకా మెరుస్తున్న మచ్చలు గుంతల్లా కనిపిస్తాయి. వచ్చే పొడి తెల్లగా ఉన్నంతసేపు పైపూతే. పొడికి గిటారు రంగు వచ్చిందా, వెంటనే చెయ్యి ఆపాలి. అంచుల దగ్గర పూత ముందుగా అరుగుతుంది.

అలంకారం: విరోధాభాసం. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మకు లక్క పట్టించి మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. ఇక్కడ రుద్దితే పోతుంది. గరుకులో తేడాయే తప్ప రుద్దుడు రెండుచోట్లా ఒకటే. ఉపమానం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. విస్తర్లు కుట్టే అడ్డాకు పైవైపు నున్నన, కిందివైపు మఖమల్ లాంటి నూగు. మెడ ఆ కిందివైపులా తయారైతే పని పూర్తయినట్టు. ఆ ఆకు పుట్టేదీ తీగకే, అడ్డతీగల ఊరి పేరులోనూ తీగే, గిటారుకు ఆరు తీగలు. దీన్ని శ్లేష అనుకునేవారు అనుకోవచ్చు.

తాత్పర్యం: ఓ అయ్యా, గిటారు మెడ చేతికి అంటుతోందని దిగులు పడక, సన్నని వాటర్ పేపరుతో మెల్లగా రుద్ది మెరుపు తగ్గించుకో.

విశేషం: గిటారు ఒంటికి ఈ పద్యం వర్తించదు, మెడ వెనుకకే. కొన్ని నెలలు వాయించాక అరచేతి రాపిడికే మెడ మళ్లీ నునుపెక్కుతుంది. అప్పుడు పద్యం మొదటి నుంచి చదువుకోవాలి.