గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఎలా?

ముంగారు వానలకు ముందు నల్లచెరువు చుట్టుపక్కల ఏ ఇంటి పంచలో చూసినా శెనక్కాయల కుప్పే. మిషన్‌లో వేస్తే విత్తనం పప్పు చెడుతుందని చేత్తోనే ఒలవాలంటారు. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా బొటనవేలి గోటికి తీరిక ఉండదు. ఈ పని ఎగ్గొట్టడానికి కడుపునొప్పి, తలనొప్పి, నడుంనొప్పి అందరూ వాడి వాడి అరగదీశారు. ఇక మిగిలింది గోరుచుట్టు ఒక్కటే. ఎర్రగా కనిపిస్తుంది, ఉబ్బుతుంది, రాత్రంతా సలుపుతుంది. అత్తగారైనా కాదనలేదు. కింది పద్ధతులు శ్రద్ధగా పాటించండి, మీకూ ఒకటి దక్కుతుంది.

1. నెయిల్ కట్టర్‌కు డబ్బు తగలేయకండి. దేవుడు పళ్ళిచ్చాడు. గోరు అయ్యాక పక్కన లేచిన తోలు ముక్కను పట్టుకోండి. కత్తిరించకూడదు, పంటితో పట్టి వెనక్కి లాగాలి. సర్రున చీరి చిన్న చుక్క నెత్తురు వచ్చిందంటే దారి తెరుచుకున్నట్టే. నోట్లోని క్రిములు మిగతా పని చూసుకుంటాయి. పిల్లలకూ నేర్పండి, గోటి మట్టిలోంచి నులిపురుగుల గుడ్లు నేరుగా కడుపులోకి చేరతాయి. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో ఆల్బెండజోల్ మాత్ర మింగిస్తారు. ఆ రెండు రోజులూ పిల్లలకు పెళ్ళి పిలుపులేమైనా ఉన్నాయేమో చూడండి.

2. గోరు మొదట్లో చర్మాన్ని అంటుకుని ఒక సన్నని పొర ఉంటుంది. గోటికీ తోలుకీ మధ్య సందులోకి నీళ్ళు, క్రిములు పోకుండా మూసేది అదే. అందం కోసం దాన్ని తీసెయ్యాలని చెప్పేవాళ్ళు దొరుకుతారు, వాళ్ళ మాటే వినండి. సగం బ్లేడు తీసుకుని అంచు వెంట శుభ్రంగా గీకేయండి. ఆ తర్వాత ఒక్క పూట మనసు రాయి చేసుకుని అంట్లు తోమండి. పెట్టుబడి లేకుండా ఏ వ్యాపారమూ జరగదు.

హిందూపురం వైపు రీలింగు యూనిట్లలో పట్టుగూళ్ళ నుంచి దారం తీసేవాళ్ళకు ఈ బ్లేడు అవసరం కూడా ఉండదు. పొద్దంతా వేడినీళ్ళలో నానే చేతులకు ఆ పొర తనంతట తనే ఊడి వస్తుంది. కాకపోతే వాళ్ళకు వేలు వాచిన రోజు కూలి పోతుంది. ఈ చిట్కాలు వాళ్ళకోసం రాసినవి కావు. కూర్చోబెట్టి తిండి పెట్టే మనుషులు ఇంట్లో ఉన్నవాళ్ళ కోసమే.

3. గోళ్ళ మీద తెల్లమచ్చలుంటే పండగ చేసుకోండి. చిన్నప్పుడు చెరువు మీద కొంగలు ఎగిరిపోతుంటే గోళ్ళు రుద్దుకుని ఈ మచ్చల కోసమే కదా అరిచాం! ఇప్పుడు వాటి పేరు కాల్షియం లోపం. నిజానికి గోరంటే కెరటిన్ అనే మాంసకృత్తి, అందులో కాల్షియం నామమాత్రం. ఎప్పుడో తలుపు సందులో వేలు నలిగి ఉంటుంది, ఆ దెబ్బే వారాల తర్వాత మచ్చగా పైకి వస్తుంది. ఈ సంగతి ఇంట్లో చెప్పకండి. రోజూ రాత్రి గ్లాసుడు పాలు, వారానికోసారి కోవా అడగండి. గోరు నెలకు మూడు మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుంది కాబట్టి కొన్ని నెలలకు మచ్చ దానంతట అదే కొసకు చేరి పోతుంది. ఘనత కోవాకు కట్టబెట్టండి.

4. గోళ్ళు తీయడానికి మంచిరోజు చూడండి. మంగళవారం వద్దు, శుక్రవారం అసలే వద్దు, శనివారం ఎందుకొచ్చిన గొడవ. పుట్టినవారం కుదరదు. దీపాలు పెట్టాక ముట్టుకోకూడదు. మిగిలిన రోజుల్లో అమావాస్య, ఏకాదశి తీసేయండి. అప్పటికీ ఒక రోజు మిగిలితే ఆ రోజు కట్టర్ కనిపించదు. ఎవరైనా దెప్పితే కదిరి వైపు తిరిగి దండం పెట్టండి. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన నరసింహస్వామి కొలువున్న సీమలో గోళ్ళు కత్తిరించమంటారా అని ఎదురు తిరగండి.

ఈ దారిలో మనకు గురువు పుణెకు చెందిన శ్రీధర్ చిల్లాల్. ఆయన 1952లో ఎడమచేతి గోళ్ళు తీయడం మానేసి 2018లో కోయించారు. అయిదు గోళ్ళూ కలిపి 909.6 సెంటీమీటర్లు. గిన్నిస్ బుక్కులో పేరుంది, గోళ్ళు న్యూయార్క్‌లో ప్రదర్శనకు పెట్టారు. ఆ చెయ్యి మాత్రం మళ్ళీ మామూలుగా పనిచెయ్యలేదు. మనం కోరుకునేదీ అదే!

5. పొడుగు గోళ్ళతో రాగిసంగటి, ఊరిబిండి కలుపుకోండి. గోటి కింద నిలవ ఉన్నది మరుపూటకు పనికొస్తుంది. సబ్బు వద్దు, పంచెకు తుడుచుకుంటే చాలు.

6. కట్టర్ కొనక తప్పకపోతే ఇంటికంతా ఒకటే కొనండి. తాత కాలిగోరు పసుపుపచ్చగా, మందంగా, పొడిపొడిగా రాలుతోందా? ముందు ఆయనకిచ్చి తర్వాత మీరు తీసుకోండి. అది ఫంగస్. డాక్టరు నెలల తరబడి మందు వాడమంటాడు, ఎందుకంటే కాలిగోరు పూర్తిగా మారడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. మీరు మూడోవారమే ఆపేసి మందు పనిచెయ్యలేదని ఊరంతా చెప్పండి.

7. పని చెప్పబోతున్నారని తోచగానే రెండు చేతుల గోళ్ళూ ఒకదానికొకటి రాపాడించడం మొదలుపెట్టండి. జుట్టు నల్లబడుతుందట. నల్లబడదు. కానీ రెండు చేతులూ ఖాళీ లేవు చూశారా, అక్కడుంది కిటుకు.

8. గోళ్ళు చాడీలు చెబుతాయి. చెంచాలా గుంట పడితే ఒంట్లో ఇనుము తక్కువైందేమో, రక్తపరీక్ష చేయించమంటారు. ఏ దెబ్బా తగలకుండా నల్లగీత పడి వెడల్పవుతూ పోతే, క్యాన్సర్ కూడా కావచ్చు, వెంటనే చూపించమంటారు. రెండింటికీ ముదురు రంగు నెయిల్ పాలిష్ దట్టంగా వేయండి. ఆపరేషన్ గదికి పోయేటప్పుడు కూడా తీయకండి. వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు తప్పు చూపిస్తే తప్పు మీటరుదే.

9. శ్రమ ఫలించి వేలు ఉబ్బిందనుకోండి. గోరువెచ్చని నీళ్ళలో రోజుకు మూడు నాలుగుసార్లు పెడితే మొదట్లోనే తగ్గే ప్రమాదముంది, దగ్గరికి రానివ్వకండి. నిమ్మకాయకు బొక్క పెట్టి వేలికి తొడగండి. వేలికి టోపీ పెట్టుకుని వీధంతా తిరిగితే సాక్ష్యం బలంగా ఉంటుంది. చీము పట్టాక పిన్నీసుతో మీరే పొడవండి. షుగరున్నవాళ్ళు ఆ మాట ఎవరికీ చెప్పకూడదు. ఎరుపు చేతి మీదికి పాకి, చలిజ్వరం వచ్చాక తీరిగ్గా కదిరి బస్సెక్కండి. ఎన్నాళ్ళయిందని డాక్టరు అడిగితే "నిన్ననే సార్" అనండి.

10. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాక కుప్ప వైపు చూడకుండా మంచం ఎక్కండి. ఎడమచేత్తో కూడా కాయలు ఒలవొచ్చన్న సంగతి అత్తగారికి రెండ్రోజుల్లో తడుతుంది. ఆలోపు ఆ బొటనవేలిని కూడా కొరకడం మొదలుపెట్టండి.