యజమాని గారూ, మీరెవరు?

సూరత్ రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లలో షట్టర్లు లేచేసరికి పొద్దు బాగా ఎక్కుతుంది. కొట్టు ఊడ్చి, లక్ష్మీగణపతుల పటానికి అగరుబత్తి తిప్పి, గుమాస్తా కంప్యూటర్ ఆన్ చేస్తాడు. చేసి చాయ్‌కి వెళ్తాడు. చాయ్ మీద ప్రేమతో కాదు. తిరిగొచ్చేసరికి లోపలి జనమంతా లేచి ముఖాలు కడుక్కుని ఉంటారన్న ఆశతో.

మా బావ అలాంటి గుమాస్తా. వాళ్ల నాన్న సిరిసిల్ల నుంచి మరమగ్గం పనికి వచ్చి లింబాయత్‌లో స్థిరపడ్డాడు. బావ ఇక్కడి నగరపాలక సంస్థ నడిపే తెలుగు బడిలో చదివాడు. గుజరాతీలో బేరమాడతాడు, హిందీలో టెంపోవాళ్లతో పోట్లాడతాడు, టాలీలో ఇంగ్లిషు ఎంట్రీలు వేస్తాడు. ఏ భాషలోనూ నోరు జారని మనిషి. తెర మీద కుడివైపు కింది మూలకి వచ్చేసరికి మాత్రం సిరిసిల్ల బయటికి వస్తుంది.

"ఇది ఎవలది బామ్మర్దీ? సేఠ్‌దా, నాదా, దీంట్ల కూసున్నోళ్లదా?"

కూర్చున్నవాళ్లు తక్కువేం కాదు. గడువు తీరిన యాంటీవైరస్ ఒకటి. అప్‌డేట్ ఉందో లేదో చూసేందుకే బతికే అప్‌డేటర్లు కొన్ని. సూరత్‌లో ఎండగా ఉందని సూరత్‌వాళ్లకే చెప్పే వాతావరణం ఒకటి. ఎప్పుడో కబాడీకి తూకానికి అమ్మేసిన ప్రింటర్ తాలూకు సహాయకుడు ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు. నీలం ఇంకు అయిపోవస్తోందని రోజూ హెచ్చరిస్తాడు. నలభై రోజుల ట్రయల్ ముగిసిందని ఏళ్ల తరబడి చెబుతూ, ఒక్కరోజు కూడా పని మానని విన్‌రార్ ఒక్కటే వీళ్లలో పెద్దమనిషి.

వీళ్లలో ఎవరినీ బావ పిలవలేదు. పీడీఎఫ్ తెరవడానికి ఏదో దించుకుంటే, ముందే టిక్కు పెట్టి ఉన్న గడిని చూడకపోవడమే ఆహ్వానం. కొన్నిసార్లు ఆ మర్యాద కూడా ఉండదు. 2014లో లెనోవో తన కొత్త ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనేదాన్ని పెట్టి మరీ అమ్మింది. బ్రౌజర్‌కీ వెబ్‌సైట్‌కీ మధ్య దూరి ప్రకటనలు చొప్పించడం దాని ఉద్యోగం. తాళం బొమ్మ ఉన్న భద్రమైన పేజీలనూ అది వదల్లేదు. చివరికి 2017లో కంపెనీ అమెరికాలో 32 రాష్ట్రాలకు 35 లక్షల డాలర్లు కట్టింది. కంప్యూటర్ కొన్నవాడు అట్టపెట్టె విప్పకముందే లోపల కాపురం మొదలైందన్నమాట.

ఇంతమందిలో ఒక్కరినీ 'నువ్వెవరు' అని అడగని ఆ పెట్టె, జీతానికి దాని ముందు కూర్చునే బావని మాత్రం గంటకోసారి అడుగుతుంది. విండోస్‌కి ఒక పాస్‌వర్డు, టాలీకి ఒకటి, మెయిల్‌కి, బ్యాంకుకి, జీఎస్టీకి, ఈ-వే బిల్లుకి తలా ఒకటి. ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలి. పాతది మళ్లీ వాడకూడదు. పద్మశాలీ బిడ్డ కాబట్టి బావ మార్కండేయుడి పేరు పెట్టి, పక్కన ఒక గుర్తు, ఒకటో అంకె తగిలించాడు. గడువు తీరగానే ఒకటి రెండయింది, తర్వాత మూడయింది. యముణ్ణి గెలిచిన రుషి చిరంజీవి, ఆయన పేరు మీది పాస్‌వర్డుకి మాత్రం మూడు నెలలే ఆయుష్షు. ఈ జన్మల జాబితా అంతా మానిటర్ వెనక స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. చాయ్ తెచ్చే కుర్రాడికి కూడా తెలుసు.

ఈ నియమాల వెనక పెద్ద శాస్త్రం ఉంటుందనుకుంటాం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో బిల్ బర్ అనే ఆయన 2003లో రాసిన మార్గదర్శకాలే వీటికి చాలావరకు మూలం. రిటైరయ్యాక 2017లో ఆయనే, అప్పుడు రాసినవాటిలో చాలావాటికి ఇప్పుడు చింతిస్తున్నానని పత్రికలవాళ్లకు చెప్పాడు. అదే ఏడు నిస్ట్ కూడా, పాస్‌వర్డు బయటపడిందన్న ఆధారం లేకుండా ఊరికే మార్పించొద్దని తేల్చింది. రాసినాయన పశ్చాత్తాపపడ్డాడు, రాయించిన సంస్థ దిద్దుకుంది. ఆ కబురు మన ఆఫీసులకు ఇంకా చేరినట్టు లేదు. ఏ పార్సెల్ ఆఫీసులో ఆగిపోయిందో.

పార్సెల్ అంటే గుర్తొచ్చింది. యాభై వేలు దాటిన సరుకు కదలాలంటే ఈ-వే బిల్లు కావాలి. విజయవాడ వస్త్రలతకు వెళ్లే చీరల మూటలు కింద టెంపోలో ఎక్కాయి. పైన బావ పాస్‌వర్డు కొట్టాడు, ఓటీపీ అడిగింది. 2025 ఏప్రిల్ నుంచి చిన్నా పెద్దా వ్యాపారులందరికీ ఈ రెండో తాళం తప్పనిసరి. మంచిదే, దొంగ బిల్లులు పుట్టించేవాళ్లకి అడ్డం ఉండాలిగా. కానీ ఓటీపీ పోయింది సేఠ్ ఫోన్‌కి. సేఠ్ రాజస్థాన్‌లో పెళ్లి ఊరేగింపులో ఉన్నాడు. ఇటు టెంపోవాడు హారన్, అటు బ్యాండు మేళం, మధ్యలో బావ ఫోన్ చెవికి నొక్కుకుని "ఆరా? నౌ? సేఠ్‌జీ, ఛే యా నౌ?" అని అరుస్తున్నాడు. అంకె తేలేసరికి దాని గడువు తీరిపోయింది.

ఊళ్లోని ఎంబ్రాయిడరీ యూనిట్లలో ఇంకో తమాషా. డిజైన్లు వేసే సాఫ్ట్‌వేర్ ఖరీదెక్కువ కాబట్టి ఎవరో క్రాక్ చేసిన కాపీ తెస్తారు. దాన్ని ఎక్కించే పద్ధతిలో మొదటి మెట్టు, యాంటీవైరస్ ఆపేయండి. దొంగే వచ్చి కుక్కను కట్టేయమన్నట్టు. మనవాళ్లు వినయంగా కట్టేస్తారు.

పోనీ, పాప్-అప్ ఏది వచ్చినా మూసేద్దామంటే అదీ కుదరదు. 2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ వచ్చి ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లకే తాళం వేసి డబ్బు అడిగింది. దాన్ని ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. సరే, బుద్ధిగా అప్‌డేట్ చేసుకుందామంటే 2024 జులై 19 ఉంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే కాపలా సాఫ్ట్‌వేర్ తనకు తానే వేసుకున్న ఒక్క అప్‌డేట్‌తో ప్రపంచంలో 85 లక్షల విండోస్ యంత్రాలు నీలం తెర వేసుకుని పడుకున్నాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. చేసుకోకపోతే ఒక తద్దినం, చేసుకుంటే ఒక తద్దినం.

ఈ రెండింటి మధ్య నిజంగా పనికొచ్చే హెచ్చరిక ఎప్పుడో ఒకసారి వస్తుంది. నీలం ఇంకు, ఎండ, పండగ ఆఫర్ల గోలలో దాన్ని కూడా బావ వేలు అలవాటుగా మూసేస్తుంది. తప్పు వేలిది కాదనే నేనంటాను.

దీపావళికి చోపడా పూజన్ అని ఇక్కడ ఖాతా పుస్తకాలకు పూజ చేస్తారు. ఇప్పుడు పుస్తకాల పక్కన ల్యాప్‌టాప్‌నూ పెడుతున్నారు. కిందటి దీపావళికి ఎర్రగుడ్డ పరిచి, ల్యాప్‌టాప్ నెత్తిన కుంకుమతో స్వస్తిక్ వేసి, పంతులు మంత్రం అందుకున్నాడో లేదో, టింగుమని మూల నుంచి ఎర్ర గడి లేచింది. 'మీ కంప్యూటర్ తీవ్ర ప్రమాదంలో ఉంది.' పంతులు ఆగాడు. సేఠ్ భార్య కొంగు తల మీదికి లాక్కుంది. ప్రమాదమేం లేదు. సేఠ్ కొడుకు క్రికెట్ చూసే ఏదో సైట్‌లో 'అలౌ' నొక్కినందుకు బ్రౌజర్ తెచ్చి పెడుతున్న ప్రకటన అది. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల జాబితా తెరిచి ఆ సైట్ పేరు తీసేస్తే పోతుంది. చెప్తే ఎవరూ నమ్మలేదు. పంతులు మొదటి నుంచి మళ్లీ చదివాడు.

బావకు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కడం నేర్పాను. అప్పుడు తెరుచుకునే గడిలో స్టార్టప్ అనే వరసలో పొద్దున్నే లేచేవాళ్ల పేర్లన్నీ ఉంటాయి. ఒక్కొక్కరి మీద రైట్ క్లిక్ చేసి డిసేబుల్ అనడమే. బావ ప్రింటర్ సహాయకుడి దగ్గర కొంచెం తటపటాయించాడు. పాపం, పాతమనిషి. ఇక కంప్యూటర్ చాయ్ కంటే ముందే తెరుచుకుంటోంది. కొత్త అప్‌డేట్ పడిన మర్నాడు వాళ్లలో సగంమంది మళ్లీ హాజరవుతారు, అది వేరే విషయం.

"దీనికి కేసు ఉండదా?" అన్నాడు బావ.

ఉంది. వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న 'డార్క్ ప్యాటర్న్స్' మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో పదమూడు మాయలున్నాయి. పదేపదే నస పెట్టడం అందులో ఒకటి, వైరస్ ఉందని బెదిరించి డబ్బు గుంజడం ఇంకొకటి. నేను చదువుతూ పోయాను. లేని తొందర పుట్టించడం. అడగని వస్తువు బుట్టలో వేయడం. ఒకటి చూపించి ఇంకొకటి అంటగట్టడం. ముందు ఒక ధర చెప్పి చివర్లో పెంచడం.

బావ చివరిదాకా విన్నాడు. "గిది కంప్యూటర్ గురించి రాసిండ్రా, మా మార్కెట్ గురించి రాసిండ్రా?"

అంతలో ఫోన్ మోగింది. విజయవాడ పార్టీ. గోడౌన్‌లో కప్పుదాకా పేర్చిన మూటల వైపు ఒకసారి చూసి, బావ గొంతు తగ్గించాడు. "ఆఖరి లాటన్నా ఇది. సాయంత్రానికి ఉంటదో ఉండదో చెప్పలేను."