జీర్ణోద్ధారకుడు

శిథిలమైన ఆలయాన్ని దాని మూలరూపం చెడకుండా తిరిగి నిలబెట్టడాన్ని పెద్దలు జీర్ణోద్ధరణ అన్నారు. ఆ పనికి ధర్మకర్త వేరు, స్థపతి వేరు, చందాలిచ్చే భక్తులు వేరు. ఇంటి పోర్టికోలో పాతకారును బాగుచేయ పూనుకున్న గృహస్థు మాత్రం ఈ పాత్రలన్నీ ఒక్కడే మోయవలసి రావడం వల్ల, రెండు మూడేళ్ళకే అతని మాటలోనూ నడకలోనూ చేతిగోళ్ళలోనూ ఒక ప్రత్యేక జాతి లక్షణాలు స్థిరపడతాయి. ఈ జాతివాడు తెలుగు పట్టణాలలో తరచుగా ఉద్యోగ విరమణకు అటో ఇటో కనిపిస్తాడు; మెకానిక్ అతన్ని "సార్" అనడం మాని "అన్నా" అనడం మొదలుపెట్టిన రోజున దీక్ష పూర్తయినట్లు గుర్తించవచ్చు.

ఉద్ధరణకు నోచుకునేది రాజుల బండి కాదు. నిజాముల పసుపుపచ్చ రోల్స్‌రాయిస్, 1912 నాటిది, హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఇప్పటికీ మెరుస్తూనే ఉన్నది గనుక దానికి ఇతని అవసరం లేదు. అది దాని అదృష్టం. పోర్టికోకు దక్కేది తండ్రిగారు కొన్న ఫియట్. ఇటలీలో పుట్టిన 1100 నమూనాను బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ తయారుచేయగా, 1970ల నడుమ నుంచి అదే బండి చిత్తోడు రాణి పేరిట ప్రీమియర్ పద్మినిగా చెలామణీ అయింది. 1089 సీసీల ఇంజను, నేలమీద గాక స్టీరింగు పక్కనే ఉండే గేరు కడ్డీ దాని గుర్తులు. ఆ గేరును చప్పుడు కాకుండా మార్చడం తండ్రిగారికి వచ్చు. కుమారుడికి దాన్ని విప్పడం వచ్చు.

విప్పడంలో ఇతనికి సాటి లేరు. రెండు ఆదివారాలలో ఇంజను బయటికి వస్తుంది, ప్రతి బోల్టూ ఖాళీ హార్లిక్స్ సీసాలోకి చేరుతుంది, సీసాకు చీటీ అంటుకుంటుంది. మొదటి సీసాలమీద "ఎడమ తలుపు, పై కీలు" వంటి నిక్కచ్చి వివరాలుండగా, ఇరవయ్యో సీసా నాటికి అవి "కుడివైపువి, బహుశా" అనే స్థాయికి దిగి, చివరి సీసామీద ప్రశ్నార్థకం ఒక్కటే మిగలడం పరిశోధకులు గమనించదగిన పరిణామం. తుప్పుపట్టి కదలని బోల్టును రాత్రంతా కిరసనాయిలులో నానబెట్టి, తెల్లవారి పానా వేసి తిప్పితే తల విరిగి చేతికి వస్తుంది, లోపల చిక్కిన మొండెం కోసం లేత్ షాపు చుట్టూ వారం తిరగవలసి వస్తుంది. టింకరింగు, అంటే సొట్టలు తీసి, తుప్పు తిన్న రేకును కోసి కొత్త రేకు అతికే పని, సాధారణంగా రంగుమీద లేచిన ఒక చిన్న పొక్కుతో మొదలవుతుంది. ఆ పొక్కును గోటితో గీకితే వేలు దూరుతుంది, వేలితో కెలికితే చెయ్యి దూరుతుంది, సాయంత్రానికి డ్రైవరు సీటు కిందుగా పోర్టికో గచ్చు స్పష్టంగా దర్శనమిస్తుంది.

ఇతని సిద్ధాంతమంతా "ఒరిజినల్" అనే ఒక్క మాటలో ఇమిడి ఉన్నది. తాళపత్ర ప్రతులను పోల్చి చూసే పాఠపరిష్కర్త తరువాతివారు చొప్పించిన పద్యాలను ప్రక్షిప్తాలని ఏరి పారేసినట్లే, ఇతడు తరువాతి నమూనా సైడ్ లైటునూ, ఎవరో డ్రైవరు బిగించిన కొత్తరకం అద్దాన్నీ ప్రక్షిప్తాలుగా తేల్చి తొలగిస్తాడు. అయితే వాటి స్థానంలో పెట్టవలసిన మూలపాఠం దొరకక ఆ చోట్లు ఖాళీగా ఉండిపోతాయి. 2023 అక్టోబరులో ముంబయి రోడ్లమీది నుంచి చిట్టచివరి పద్మిని టాక్సీ తప్పుకున్నదన్న వార్త చదివినప్పుడు ఇతని ఒక కంట నీరు తిరిగింది, రెండో కంట విడిభాగాలు మెదిలాయి.

కుటుంబం ఈ పరిస్థితికి అలవాటుపడిన తీరు మెచ్చుకోదగినది. పెట్రోలును గాలితో తగిన పాళ్ళలో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటరు వంటగిన్నెలో భోజనాల బల్లమీదికి వచ్చిననాడు ఇల్లాలు "ఏమండీ, ఆ గిన్నె మళ్ళీ వంటకు పనికొస్తుందా?" అని మాత్రమే అడిగింది, జవాబు కోసం ఎదురుచూడకుండా కొత్త గిన్నె కొనుక్కున్నది. వేసవిలో బానెట్టుమీద వడియాలు ఎండుతాయి, డిక్కీలో పాత పేపర్లూ ఊరగాయ జాడీలూ భద్రంగా ఉంటాయి. పరుగెత్తిన కాలంలో కన్నా ఆగిపోయాకే ఆ బండి ఇంటికి ఎక్కువ ఉపయోగపడిందన్న మాట ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

బ్రిటన్‌లో మోటారు పండితులు 1919 నుంచి 1930 దాకా తయారైన కార్లనే వింటేజ్ అంటారు. మన కేంద్ర ప్రభుత్వం అంత కఠినంగా పోలేదు: 2021లో మోటారు వాహనాల నిబంధనలను సవరించి, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్‌లో గాని బాడీలో గాని ఇంజనులో గాని పెద్ద మార్పులు లేకుండా మూలరూపంలో ఉన్న సొంత వాహనాలను వింటేజ్‌గా గుర్తించింది, కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్ళు. ఈ సవరణతో జీర్ణోద్ధారకుడి జాప్యమంతా దూరదృష్టిగా మారిపోయింది. 1974 నాటి బండిని 2010లో విప్పడం మొదలుపెట్టినవాడు తొందరపడి రెండేళ్ళలో ముగించి ఉంటే అది ఒట్టి పాతబండిగానే అమ్ముడుపోయేది. పని సాగుతూ ఉండగానే బండి 50 దాటి వింటేజ్ అయింది. పైగా ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు, మరమ్మతు వంటి అవసరాలకు తప్ప అటువంటి వాహనాన్ని నిత్యం రోడ్డుమీద తిప్పరాదని కూడా ఆ నిబంధనలు చెబుతున్నాయి. ఈ ఒక్క నియమాన్ని ఇంతటి నిష్ఠతో పాటించే వాహనం దేశంలో మరొకటి ఉండకపోవచ్చు.

దసరాకు ఆయుధపూజ జరుగుతుంది. పానాలకూ సుత్తికీ జాకీకీ కుంకుమబొట్లు పెట్టి, బండికి బంతిపూల దండ వేసి, నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు ఉంచుతారు. బండి ముందుకు కదిలి వాటిని తొక్కితే దిష్టి పోయినట్లు. ఇంజను స్టోరు గదిలో ఉన్నందువల్ల వీధి కుర్రాళ్ళు నలుగురు వెనక నుంచి తోస్తారు, జీర్ణోద్ధారకుడు స్టీరింగు ముందు కూర్చుని మోగని హారను నొక్కుతాడు, నిమ్మకాయలు నలుగుతాయి. ఎదురుగా కోడలి స్కూటీకి దారి కావాలి గనుక, ప్రసాదం పంచిన వెంటనే బండిని మూరెడు వెనక్కి తోసి పాత చోటనే నిలుపుతారు.